వీణ వాయించిన చేతికి మొదటి ఎలక్ట్రిక్ గిటార్

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఎలక్ట్రిక్ గిటార్, దాని శబ్దాన్ని పెంచే ఆంప్ (ఆంప్లిఫయర్) కలిపి 30,000 రూపాయలు దాటకూడదు, ఏది కొనమంటావ్ అని ఒక్క ముక్కలో అడిగేశావు. ఫోన్లో మాట్లాడితే సగం విషయాలు జారిపోతాయి, అందుకే ఉత్తరం రాస్తున్నా. రాత్రి పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చదువు.

ముందు ఒక మాట. నువ్వు అందరిలాంటి కొత్తవాడివి కాదురా. చిన్నప్పుడు ఏళ్ల తరబడి వీణ వాయించావు. మెట్టు (గిటార్ వాళ్ల ఫ్రెట్) మీద తీగని పక్కకి లాగి స్వరాన్ని పైకి తీసుకెళ్లడం నీ ఎడమ చేతికి తెలుసు. గిటార్ వాళ్లు బెండింగ్ అనేది అదే. కాబట్టి నీకు గిటార్ ఎంచుకునేటప్పుడు నేను చూసేవి రెండే. లాగినప్పుడు తీగ వేలికి లొంగాలి. వదిలాక శ్రుతి చెదరకూడదు. రంగు, బ్రాండు, చెక్క రకం అన్నీ ఆ తర్వాతే.

గమకాలు దీని మీద పలుకుతాయా అని నీకు అనుమానం ఉన్నట్టుంది. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని తలుచుకో. జంట తీగల మాండలిన్‌ని పక్కనపెట్టి, ఐదు ఒంటి తీగలతో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, కచేరీల్లో రాగాలాపన చేశారాయన. తీగ మోత కాసేపు నిలిస్తేనే ఆలాపన సాగుతుంది. ఆ నిలకడ ఆంప్లిఫయర్ ఇస్తుంది. అందుకే నువ్వు మామూలు గిటార్ కాకుండా ఎలక్ట్రిక్ అనడం నాకు చాలా నచ్చింది.

ఇప్పుడు బ్రిడ్జ్ సంగతి. షాపువాళ్లు దీని గురించి పెద్దగా చెప్పరు, నీకు మాత్రం ఇదే ముఖ్యం. కుడిచేతి దగ్గర తీగలు ఆనే లోహపు భాగమే బ్రిడ్జ్. కొన్ని గిటార్లలో అది కదలకుండా బిగించి ఉంటుంది. కొన్నింట్లో వెనక స్ప్రింగుల మీద తేలుతూ, ఊపడానికి ఒక కడ్డీతో వస్తుంది. తేలే బ్రిడ్జ్‌తో చిక్కేమిటంటే, నువ్వు ఒక తీగని లాగగానే బ్రిడ్జ్ కూడా కొంచెం ముందుకి వంగుతుంది, దాంతో మిగతా తీగల శ్రుతి దిగిపోతుంది. పక్కన ఒక తీగని షడ్జంలో మోగనిస్తూ ఇంకో తీగ మీద గమకం పలికించాలనుకుంటే ఆ షడ్జమే జారిపోతుంది. నీ చెవి దాన్ని ఒక్క క్షణం భరించదు. కాబట్టి బిగింపు బ్రిడ్జ్ ఉన్నది దొరికితే అదే తీసుకో. ఫ్లాయిడ్ రోజ్ అని, తీగలకి రెండు చివరలా తాళాలు వేసే రకం ఒకటుంది. ఎవరు ఎంత పొగిడినా ఇప్పుడు దాని జోలికి పోకు. ఒక్క తీగ మార్చడానికే సాయంత్రం గడిచిపోతుంది.

మోడళ్లకి వస్తా. ఫెండర్ వాళ్లది స్క్వయర్ అనే చవక బ్రాండు ఉంది. అసలు స్క్వయర్ అమెరికాలో తీగలు తయారుచేసే పాత కంపెనీ. ఫెండర్ దాన్ని 1965లో కొనేసి, 1982 నుంచి ఆ పేరుతో గిటార్లు తెచ్చింది. అందులో తక్కువ ధరలో దొరికేది సోనిక్ సిరీస్. సోనిక్ టెలీకాస్టర్‌కి బిగింపు బ్రిడ్జే ఉంటుంది. సోనిక్ స్ట్రాటోకాస్టర్‌లో కూడా హెచ్‌టీ అని బిగింపు బ్రిడ్జ్ రకం ఉంది, అడుగు. రెండోది యమహా పాసిఫికా 012. దీనికి కదిలే బ్రిడ్జే, కానీ వెనక మూత తీసి స్ప్రింగుల స్క్రూలు బిగిస్తే బ్రిడ్జ్ చెక్కకి ఆనుకుపోతుంది, తీగని లాగినా లేవదు. షాపులో చేయించుకోవచ్చు. మెట్లు ఉండే పలక, అంటే ఫింగర్‌బోర్డు కూడా పాసిఫికాలో ఇంకొంచెం చదునుగా ఉంటుంది. వంపు ఎక్కువున్న బోర్డు మీద తీగని బాగా లాగితే పక్క మెట్టుకి తగిలి మోత చచ్చిపోతుంది. చదునైన దాని మీద ఆ బాధ తక్కువ. ఇవన్నీ 20 వేలకి అటూ ఇటూ దొరుకుతాయి. నన్ను ఒక్కటి చెప్పమంటే బ్రిడ్జ్ బిగించిన పాసిఫికా అంటాను. కానీ టెలీకాస్టర్ చేతిలోకి తీసుకోగానే నీకు ప్రాణం లేచొస్తే అదే కొనుక్కో, నేనేం అనుకోను.

పాసిఫికా అనడానికి ఇంకో కారణం పికప్‌లు. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ. పైన ఉక్కు తీగ కదిలితే ఆ రాగి చుట్టలో కరెంటు పుడుతుంది. ఒంటి చుట్ట పికప్‌ల గొంతు స్వచ్ఛంగా, కొంచెం పదునుగా ఉంటుంది, కానీ ఇంట్లో కరెంటు వైర్ల నుంచి 50 హెర్ట్జ్ హమ్మింగ్‌ని కూడా పట్టేస్తుంది. 1955లో గిబ్సన్ కంపెనీ ఇంజినీరు సెత్ లవర్ రెండు చుట్టల్ని ఎదురెదురు దిశల్లో కలిపి ఆ హమ్‌ని రద్దు చేశాడు. హంబకర్ అంటే అదే. పాసిఫికాలో రెండు ఒంటి చుట్ట పికప్‌లు (సింగిల్ కాయిల్స్), బ్రిడ్జ్ దగ్గర ఒక హంబకర్ ఉంటాయి. నీకు ఏ గొంతు ఇష్టమో ఇంకా తెలియదు కాబట్టి రెండూ ఉండటం మంచిది.

ఆంప్ దగ్గరే అందరూ తప్పటడుగు వేస్తారు. డబ్బంతా గిటార్ మీద పోసి, మిగిలిన చిల్లరతో ఏదో డబ్బా తెచ్చుకుంటారు. గిటార్, ఆంప్, బ్యాగు, కేబుల్ అన్నీ కలిపి ఇచ్చే కాంబోల్లో కూడా చాలాసార్లు బలహీనంగా ఉండేది ఆంపే. నువ్వు వినేది దాని గొంతేరా! ముప్పైలో ఎనిమిది, తొమ్మిది వేలు దానికి పక్కన పెట్టు. ఇంటి హోమ్ థియేటర్‌కి గుచ్చుకుందామనే ఆలోచన ఉంటే మానుకో. గిటార్ సిగ్నల్‌కి తగ్గ ఇన్‌పుట్ అందులో ఉండదు, శబ్దం మందంగా, జీవం లేకుండా వస్తుంది.

వాట్ల కోసం ఎగబడకు. 10 వాట్లకి, 20 వాట్లకి తేడా 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. మీ ఫ్లాట్‌లో 10 వాట్లు పూర్తిగా తిప్పితే కింది అంతస్తువాళ్లు పైకొస్తారు. ఫెండర్ ఫ్రంట్‌మన్ 10జీ నీకు సరిపోతుంది. 10 వాట్లు, ఆరంగుళాల స్పీకరు, హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు, ఫోన్ కలిపే ఆక్స్ ఇన్‌పుట్. ఈ ఆక్స్ ఉండి తీరాలి. ఫోన్లో తంబురా యాప్ పెట్టి దాన్ని ఆంప్‌లోకి పంపి, అదే స్పీకరులోంచి వచ్చే శ్రుతితో కలిసి వాయించుకోవచ్చు. పిల్లలు పడుకుంటే హెడ్‌ఫోన్స్‌లో శ్రుతీ గిటారూ రెండూ వినపడతాయి. బాస్ (Boss) కంపెనీ ఆంప్ కటానా మినీ కూడా బాగుంటుంది. ఏడు వాట్లే, పెన్సిల్ సెల్స్ మీద కూడా నడుస్తుంది, ఎండాకాలం కరెంటు పోయినా ఆగదు. ధర ఇంకొంచెం ఎక్కువ, దానికి తగ్గట్టు గొంతు కూడా మెరుగు.

ఒక జాగ్రత్త. మూడు పిన్నుల ప్లగ్ ఉన్న ఆంప్‌ని ఎర్తింగ్ సరిగ్గా ఉన్న సాకెట్‌లోనే పెట్టు. రెండు పిన్నుల అడాప్టర్లతో సర్దుకోవద్దు, మీ ఇంట్లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకో. గిటార్ తీగలకీ ఆ ఎర్త్‌కీ కనెక్షన్ ఉంటుంది కాబట్టి ఇది ప్రాణంతో పని. ఆంప్ ఆన్ చేశాక సన్నగా హమ్ వచ్చి, తీగల మీద చెయ్యి వేయగానే తగ్గితే కంగారుపడకు, అది లోపం కాదు. ఫ్యాన్ రెగ్యులేటర్‌కి దూరంగా కూర్చుని గిటార్‌ని కొంచెం పక్కకి తిప్పి చూడు, ఇంకా తగ్గుతుంది.

నెల్లూరు నుంచి నీకు చెన్నై దగ్గరే కాబట్టి ఆన్‌లైన్‌లో కొనకు. అన్నా సాలైలో మ్యూసీ మ్యూజికల్ ఉంది, 1842 నాటి షాపు. అక్కడైనా, ఇంకెక్కడైనా, ఒకే మోడల్‌వి రెండు మూడు తెప్పించి చూడు. ఒకే ఫ్యాక్టరీలో పుట్టినవే అయినా చేతికి వేరువేరుగా ఉంటాయి. ముందు ఆంప్‌కి కలపకుండా ఒక్కో తీగని మొదటి మెట్టు నుంచి చివరి దాకా మీటు, ఎక్కడైనా జర్రుమంటుందేమో విను. మెడ అంచు మీద అరచెయ్యి జార్చు, మెట్ల చివరలు గీరుకోకూడదు. పన్నెండో మెట్టు మీద వేలు తేలిగ్గా ఆనించి హార్మోనిక్ పలికించు, తర్వాత అదే మెట్టు గట్టిగా నొక్కి మీటు. రెండు స్వరాలూ ఒకటే కావాలి. నీ చెవికి ట్యూనర్ కూడా అక్కర్లేదు. చివరికి అసలు పరీక్ష. సన్న తీగని పన్నెండో మెట్టు దగ్గర రెండు స్వరస్థానాల పైకి లాగి పట్టుకో. మోత మధ్యలో తెగకూడదు. వదిలేసి ఖాళీ తీగలన్నీ మీటితే శ్రుతి అలాగే ఉండాలి. అప్పుడు ఆంప్‌కి కలిపి నాబ్‌లు తిప్పు, కేబుల్ గుచ్చిన చోట కదిపి చూడు, గరగర వస్తే ఇంకొకటి ఇవ్వమను.

కొత్త గిటార్‌కి కూడా సెటప్ చేయించు. తీగల ఎత్తు పన్నెండో మెట్టు దగ్గర ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మధ్య ఉంటే నీ వేళ్లకి హాయి. తీగలు 9 నుంచి 42 (అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం) సెట్టే ఉంచు, లాగడానికి తేలిక. మీ ఊరి సముద్రపు గాలికి తుప్పు తొందరగా పడుతుంది కాబట్టి వాయించాక పొడి గుడ్డతో తుడిచి బ్యాగులో పెట్టు. ఒక సెట్ తీగలు అదనంగా తెచ్చుకో, మంచి కేబుల్ ఒకటి. ట్యూనర్ యాప్ ఫోన్లో ఉచితం.

వాడినది ఎవరైనా అమ్ముతుంటే అది కూడా చూడొచ్చు. మెట్ల మీద తీగలు కోసిన గాడులు లోతుగా ఉంటే మాత్రం వదిలెయ్. మెట్లు మార్పించే ఖర్చుతో లాభమంతా పోతుంది.

ఏ ఆదివారం వెళ్తున్నావో ముందే చెప్పు, ఆ రోజు ఖాళీ పెట్టుకుంటా. షాపులోంచి వీడియో కాల్ చెయ్, ఆ తీగ లాగే పరీక్ష నేను కూడా వింటా. రెండు గిటార్ల మధ్య ఊగిసలాడితే రెండింటి మీదా నీకిష్టమైన మోహన ఆరోహణ వాయించు, అక్కడికక్కడే తేల్చేద్దాం. అమ్మగారికి నమస్కారాలు చెప్పు, పిల్లలకి ముద్దులు.

ఇట్లు
నీ బావ