కుట్టు ఓడకు ప్రాణం తాడులో ఉంది

సంపాదకులకు,

పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టిన మన నౌకాదళపు ఓడ ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య 2025 డిసెంబరు 29న పోరుబందరులో బయల్దేరి, 2026 జనవరి 14న మస్కట్ చేరినప్పటి నుంచి ‘ఒక్క మేకు కూడా లేని ఓడ’ అనే మాట పదేపదే చదువుతున్నాం. తెరచాప మీద నడిచే చెక్క ఓడ మళ్లీ వార్త కావడం మాకు ఎంతో సంతోషం. అయితే మేకు లేకపోవడమే గొప్ప అన్నట్టు రాస్తే అసలు నేర్పు కనబడకుండా పోతోంది. మేకు స్థానంలో ఏముంది, అది పలకను ఎలా పట్టి ఉంచుతుంది, ఎక్కడ వదులుతుంది అన్నది పాఠకులకు చేరాలని ఈ ఉత్తరం.

ఇనుము దొరక్క కుట్టారని కొందరు అనుకుంటున్నారు. అది తప్పు. శాతవాహనుల కంటే ముందే పెద్దరాతి సమాధుల్లో ఇనుప పనిముట్లు పెట్టిన నేల మనది. అదే శాతవాహనుల్లో యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. ఇనుమూ తెలుసు, ఓడా తెలుసు. కుట్టడం తెలిసి ఎంచుకున్న పద్ధతి.

ఎందుకో మన తీరం చూస్తే అర్థమవుతుంది. తూర్పు తీరంలో చాలాచోట్ల పడవ కెరటాలు విరిగే చోటు దాటి నేరుగా ఇసుక మీదికి రావాలి. మేకులతో బిగించిన పడవ నేలకు కొట్టుకున్న ప్రతిసారీ ఆ దెబ్బంతా మేకు చుట్టూ ఉన్న కాస్త కర్ర మీదే పడుతుంది. కన్నం పెద్దదవుతుంది, మేకు ఆడుతుంది, నీరు దిగుతుంది. పైగా ఉప్పునీరు, కర్రలోని వగరు కలిసి ఇనుమును తినేస్తాయి. తుప్పు చుట్టుపక్కల కర్రను కూడా నల్లగా మెత్తబరుస్తుంది. కుట్టిన పడవలో దెబ్బ వందల కుట్ల మీద పంచుకుపోతుంది, పడవ ఒళ్లు కాస్త వంగి మళ్లీ సర్దుకుంటుంది. ఇంగ్లీషు రికార్డుల్లో ‘మసూలా’ అని రాసిన పడవ ఇదే. ఆ పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందనేవాళ్లున్నారు, అది తేలలేదు. మద్రాసుకు 19వ శతాబ్దం చివర్లో హార్బరు కట్టేదాకా దూరంగా లంగరేసిన ఓడల నుంచి మనుషులనూ సరుకునూ ఒడ్డుకు చేర్చింది ఈ పడవలే. లోపల పక్కటెముకలు ఉండవు, అడ్డబల్లలే ఉంటాయి. మసూలా తెడ్లతో నడిచేది, కౌండిన్య తెరచాపలతో నడిచేది. ఈ తేడా మరచి రెండూ ఒకటే అనకూడదు. కుట్టు విద్య మాత్రం ఒకే కుటుంబానిది.

ఇక పని సంగతి. మేకుల పడవకు సాధారణంగా ముందు ఎముకల గూడు నిలబెట్టి, దానికి పలకలు కొడతారు. కౌండిన్యలాంటి కుట్టు ఓడ దీనికి తలకిందులు. అడుగు దూలం, ముందు కొమ్ము, వెనక కొమ్ము నిలిపాక పలకకు పలక కుట్టుకుంటూ ఒళ్లు పైకి లేపుతారు. ఎముకలు ఆ తర్వాత లోపల అమర్చి, వాటినీ తాడుతోనే కడతారు. అంటే ఓడ ఆకారం పలక వంపులోనే నిర్ణయమైపోతుంది. మొదటి మూడు వరుసల్లో తేడా వస్తే పైన ఎవరూ దిద్దలేరు.

పలకను ఆవిరి పెట్టెలో మగ్గబెట్టి వంచుతారు. అంగుళం మందానికి గంట ఆవిరి అన్నది మోటు లెక్క. పెట్టెలోంచి తీశాక చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. అంతలోపే చోటుకు చేర్చి బిగించేయాలి. చల్లారాక బలవంతం చేస్తే నార వెంట చీలుతుంది. బట్టీలో అతిగా ఎండిన కర్ర ఎంత ఆవిరి పెట్టినా సరిగా లొంగదు. నీడన గాలికి ఆరినదే కావాలి. చేవ లేని తెల్ల కర్ర ఒక్క అంగుళం పలకలో మిగిలినా చెక్క తొలిచే సముద్రపు పురుగు మొదట అక్కడే చేరుతుంది.

అంచులు కలపడం ఓపిక పని. ఒక పలక అంచుకు నూనెలో కలిపిన కావి పూసి, రెండో పలకను ఆనించి తీస్తే, తగిలిన చోట మరక పడుతుంది. మరక పడ్డ చోటే చిత్రిక పట్టి మళ్లీ ఆనించాలి. అంచు పొడవునా మరక వచ్చేదాకా ఇదే పని. ఇక్కడ తొందరపడి, సందు మిగిలితే పీచు దట్టిస్తే సరిపోతుందనుకునేవాళ్లున్నారు. సరిపోదు. పలకలు ఒకదానిమీద ఒకటి సరిగా కూర్చోకపోతే కెరటం వంచినప్పుడు జారి తాడును కోస్తాయి.

కన్నాలు అంచుకు మరీ దగ్గరైతే బిగించినప్పుడు కర్ర చిట్లుతుంది, మరీ దూరమైతే తాడు ఏటవాలుగా లాగి అతుకును నొక్కదు. ఇసుక మీదికి లాగే పడవకైతే బయటివైపు కన్నానికీ కన్నానికీ మధ్య గాడి తీసి తాడును పలకలోకి పొందించాలి, లేకపోతే ఇసుకే తాడును అరగదీస్తుంది.

కుట్టేది ఇద్దరు, లోపల ఒకరు, బయట ఒకరు. అతుకు మీద లోపలివైపు కొబ్బరి పీచు కట్టను పొడవునా పరుస్తారు. బయటివాడు తాడు కొసను కన్నంలోంచి పంపితే, లోపలివాడు పీచు కట్ట మీదుగా దాటించి ఎదుటి పలక కన్నంలోంచి తిరిగి ఇస్తాడు. తాడును పొట్టి కర్రకు చుట్టి, ఆ కర్రను పలకకు ఆనించి మీటలా వంచి లాగుతారు. బిగిసి ఉన్న ఆ తాడు మీద రెండోవాడు గూటంతో కొడతాడు. దెబ్బకు పీచు అణిగి ఇంకాస్త తాడు వస్తుంది. వెంటనే కన్నంలో చిన్న చెక్క చీల దిగ్గొట్టి బిగువు జారకుండా ఆపుతారు, తర్వాతి కుట్టు బిగిశాక దాన్ని తీస్తారు. ఒక వరుస నిలువుగా, మళ్లీ వస్తూ దానిమీద అడ్డంగా కుడితే లోపలివైపు నిలువు గీత, ఇంటూ గుర్తు, నిలువు గీత వరసగా కనబడతాయి. బయట నిలువు గీతలే. సరిగా బిగిసిన కుట్టును వేలితో మీటితే మోగుతుంది. మోగనిది విప్పి మళ్లీ కుట్టాల్సిందే. చివరికి కన్నాలన్నీ పీచుతో మూసి, గుగ్గిలం, చేప నూనె కలిపి పట్టిస్తారు.

ఇప్పుడు తాడు. 1980లో మస్కట్ నుంచి చైనా వెళ్లిన సొహార్ అనే కుట్టు ఓడకు సుమారు 640 కిలోమీటర్ల కొబ్బరి తాడు పట్టింది. అందులో ఏ మూర చెడ్డదైనా ఆ అతుకు చెడ్డదే. మంచి తాడుకు పది పదకొండు నెలల కాయ డొక్క కావాలి. దాన్ని ఉప్పు కలిసిన నీటిలో నెలల తరబడి నానబెట్టి, కొట్టి తీసిన తెల్ల పీచును చేత్తో పురి పెట్టి పేనాలి. కోనసీమలో కొబ్బరికి కొదవ లేదు. కానీ అక్కడ ఎక్కువగా తీసేది ముదిరిన డొక్కల్ని మరలో వేసి తీసే గోధుమ రంగు పీచు. పరుపులకూ చీపుళ్లకూ అది బాగుంటుంది. పెళుసుగా, ముతకగా ఉండి ఓడ కుట్టుకు మాత్రం పనికిరాదు, మీట వేసి లాగితే తెగుతుంది.

నైలాను వాడితే పోలేదా అని అడుగుతారు. నైలాను తడిస్తే సాగుతుంది, కన్నంలో జారుతుంది. కొబ్బరి తాడు తడిస్తే ఉబ్బి కన్నాన్ని పట్టుకుంటుంది. ఓడను నీటిలో దించాక మొదటి రోజుల్లో నీరు ఊరడం మామూలే. పలకా పీచూ తాడూ మూడూ ఉబ్బి అతుకు మూసుకుంటుంది. ఆ గంటల్లో భయపడి పైనుంచి తారు పూసేస్తే కర్ర నీరు తాగదు, అతుకు ఎప్పటికీ మూయదు.

కొబ్బరి తాడును చెరిపేది ఉప్పునీటికంటే వాననీరు. అడుగున వాననీరు నిలిస్తే ఎంత మంచి కుట్టయినా పుచ్చుతుంది. అందుకే నీరు ఎప్పటికప్పుడు తోడాలి, కొన్ని నెలలకోసారి లోపలి కుట్టుకు చేప నూనె పట్టించాలి. కంపు భరించాలి. మసూలాలను తరచూ విప్పి కొత్త తాడుతో కుట్టుకునేవారు. పలక బాగుంటే మళ్లీ అదే పలక. మేకుల పడవలో ఆ వీలు లేదు.

13వ శతాబ్దంలో హొర్ముజ్‌లో కుట్టు ఓడలు చూసిన మార్కో పోలో ఇవి ప్రమాదమని పెదవి విరిచాడు. కుట్టు పాతబడి, నూనె ఆగిపోయిన ఓడ నిజంగానే ప్రమాదం.

మా విన్నపం రెండు మాటల్లో. కౌండిన్య 2023 సెప్టెంబరులో గోవాలో మొదలైంది. కేరళ మేస్త్రీ బాబు శంకరన్ చేతిలో ఆ విద్య ఇంకా బతికి ఉండబట్టే అజంతా గుహల్లోని ఓడ బొమ్మ ఆధారంగా ఓడ కట్టగలిగారు. మన తీరంలో కుట్టు పడవ, తెప్ప, తెరచాప నావ ఎరిగిన పెద్దవాళ్లు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇంకా అక్కడక్కడ ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లే విలేకరులు ఫోటోతో సరిపెట్టుకోకుండా కొలతలు కూడా తీసుకోవాలి. పలక మందం ఎంత, కన్నం అంచుకు ఎంత దూరం, కన్నానికీ కన్నానికీ మధ్య ఎంత, తాడు ఎన్ని పురులది, మూరకు ఎన్ని కుట్లు, నూనెలో గుగ్గిలం ఎంత పాలు, ఏ కర్ర ఏ నెలలో కొట్టేవారు, ఇవన్నీ ఆ ఊరి మాటల్లోనే రాసుకోవాలి. రెండోది, కోనసీమ కాలువల్లో ఒకటి రెండు చోట్లయినా తెల్ల పీచు నానబెట్టి చేత్తో తాడు పేనించే ఏర్పాటు చేయాలి. కర్ర కొనుక్కోవచ్చు. ఆ తాడు మాత్రం బజారులో దొరకదు, డొక్క నీళ్లలో వేసిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటే చేతికి రావడానికి ఆరు నెలల పైమాటే.

— పడవల పని తెలిసిన కొందరు పాఠకులు,
కాకినాడ