పుస్తకం ఒకటి, ప్రశ్నలు నలభై

ఎడిటర్ గారికి నమస్కారం.

సెలవులిచ్చే రోజున పిల్లల చేతిలో పెట్టే ఇంగ్లిష్ హోంవర్క్ గురించి రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి కాపీ రైటింగూ పదాల లిస్టూ కాస్త పనికొస్తాయేమో. నేను అంటున్నది ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల గురించి, అంటే నవల చేతికిస్తే డిక్షనరీ తెరవకుండా నాలుగు పేజీలు చదివేసేవాళ్లు, భాష ఎంత వచ్చో కొలవడానికి 2001లో యూరప్‌లో ఖరారు చేసిన స్థాయిల లెక్కలో (ఎ1 నుంచి సి2 దాకా) బి2, సి1 అనిపించుకునేవాళ్లు.

వీళ్లకి మనం ఇచ్చేదేమిటి? ఒక పుస్తకం, చాప్టర్‌కి నాలుగు ప్రశ్నలు, యాభై కొత్త పదాలకి అర్థాలూ సొంత వాక్యాలూ, చివర్లో బుక్ రిపోర్ట్. మనం అని ఊరికే అనలేదు, చాలా ఏళ్లు నేనూ ఇదే ఇచ్చాను. ఒకసారి సెలవులయ్యాక రిపోర్టులు దిద్దుతుంటే మూడో కాగితం దగ్గర అనుమానం వచ్చింది, ఈ వాక్యం ఇందాకే చూశానే అని. ఏడో కాగితంలోనూ అదే వాక్యం. అందరూ నెట్‌లో ఒకేచోట నుంచి దించారు. ఒక్క అమ్మాయి మాత్రం నిజంగా చదివింది, ఆమెకి పుస్తకం నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో తప్పుల ఇంగ్లిష్‌లోనే ఒకటిన్నర పేజీ రాసింది. నేనేం చేశానంటే, ఆ తప్పులన్నిటి కిందా ఎర్ర గీతలు గీసి, దించినవాళ్ల కంటే తక్కువ మార్కులు వేశాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇప్పుడైతే వెతుక్కునే శ్రమ కూడా లేదు, ఏఐని అడిగితే నిమిషంలో రాసిస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా. దొంగని పట్టుకునే ఓపిక నాకు లేదు. దించడానికి వీలున్న హోంవర్క్ ఎందుకిస్తున్నామో ముందు చూసుకోవాలి కదా.

చదివే పుస్తకం పిల్లలే ఎంచుకోవాలి. గొప్ప పుస్తకమని వందేళ్ల కిందటిది తెచ్చి ఇస్తాం, అందులో వాక్యం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో మనకే తెలియదు. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే అందులోని పదాల్లో దాదాపు 98 శాతం ముందే తెలిసుండాలని పదజాలం మీద పనిచేసిన పాల్ నేషన్ లాంటివాళ్లు తేల్చారు. నవలలూ పేపర్లూ అలా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలని 2006లో ఆయనే లెక్కగట్టాడు (ఒక మూల పదం, దాంతోపాటు దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం). మన ‘అడ్వాన్స్‌డ్’ పిల్లల్లో అన్ని పదాలు వచ్చని చెప్పుకోగలిగేవాళ్లు తక్కువే. పిల్లలకి ఇలా చెబితే చాలు: 300 పదాలున్న పేజీలో తెలియని మాటలు ఆరు దాటితే ఆ పుస్తకం ఇంకో సెలవులకి దాచుకో. ముప్ఫై పేజీలు చదివాక బోర్ కొడితే వదిలేయనివ్వండి కూడా. పెద్దవాళ్లం మనం వదిలేయట్లేదా?

నిమిషానికి 150 పదాల చొప్పున మెల్లగా చదివినా రోజుకి ఇరవై నిమిషాలకి 3,000 పదాలు, నలభై రోజులకి 1,20,000, అంటే ఒక లావుపాటి నవల. దీని మీద ప్రశ్నలు అక్కర్లేదు. తిరిగొచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడితే చదివారో లేదో తెలిసిపోతుంది.

ఇక రాయడం. అమెరికా నాయకుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రాడిగా అన్న ప్రెస్సులో పని నేర్చుకుంటూ తనకి తానే ఒక హోంవర్క్ పెట్టుకున్నాడు, అది ఆత్మకథలో చెప్పుకున్నాడు. స్పెక్టేటర్ అనే పత్రికలోని వ్యాసం నచ్చితే, ఒక్కో వాక్యం సారాన్ని రెండు మూడు మాటల్లో రాసుకుని, కొన్నాళ్లు పక్కన పెట్టేసి, తర్వాత అసలుది చూడకుండా ఆ గుర్తులతోనే వ్యాసమంతా మళ్లీ రాసేవాడు. అప్పుడు అసలుది తీసి పక్కపక్కన పెట్టి తన తప్పులు తనే దిద్దుకునేవాడు. కొన్నిసార్లు ఆ గుర్తుల్ని కావాలనే కలగాపులగం చేసి, ఏది ముందో ఏది వెనకో మళ్లీ పేర్చుకునేవాడు.

ఈ స్థాయి పిల్లలకి ఇంతకంటే మంచి పని నాకు కనిపించలేదు. వీళ్లకి టెన్సులు వచ్చు, గ్రామర్ పరీక్షలో తప్పు చేయరు, కానీ ‘డిస్కస్’ అంటే చాలినచోట ‘డిస్కస్ అబౌట్’ అని రాస్తారు, ‘హెవీ రెయిన్’ అనాల్సినచోట ‘స్ట్రాంగ్ రెయిన్’ అంటారు, ‘ద’ (the) ఎక్కడ పెట్టాలో ఎక్కడ తీసేయాలో తేలక సతమతమవుతారు, తెలుగులో అలాంటి మాటే లేదు మరి. ఇవి రూల్ చెబితే పోవు. తను రాసిన వాక్యం పక్కన అసలు వాక్యం పెట్టుకుని చూసినప్పుడు మాత్రం ఠక్కున కనబడతాయి. హోంవర్క్‌గా పిల్లలు తెచ్చి ఇవ్వాల్సింది ఆ జత కాగితాలే, తేడాలున్నచోట వాళ్ల చేత్తో వాళ్లే గీతలు గీసి. సెలవులన్నిటికీ నాలుగు చాలు.

వీటితోపాటు వారానికొక పేజీ సొంతంగా, ఏదైనా సరే, తమ్ముడితో గొడవైనా సరే. టీచర్లకి దిద్దే భారం ఎక్కువవుతుందంటారా, అన్నీ తీసుకోకండి. పిల్లలే తమకి నచ్చిన ఒకటి ఎంచి ఇస్తారు. దాని మీద తప్పులు వెతికేముందు, రాసిన విషయానికి జవాబుగా రెండు లైన్లు రాయండి.

ఈసారి నేనిచ్చింది ఇంతే, అర కాగితం పట్టలేదు. ఒక తండ్రి ఫోన్ చేసి ‘మిగతా హోంవర్క్ ఎప్పుడు పంపుతారండీ’ అని అడిగారు. మిగతాది లేదని చెబితే చాలాసేపు నమ్మలేదు.

ఇట్లు,
ఒక ఇంగ్లిష్ టీచర్