చలిలో స్టార్ట్ కాని బండికి మధ్యాహ్నం ఎండలో పరీక్ష: పికప్ ట్రక్కు కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: తెల్లవారుజామున స్టార్ట్ కాని డీజిల్ పికప్ ట్రక్కు, వారంటీ ఇవ్వకపోవడం గురించి.

అయ్యా,

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలం. కిందటేడు జూన్‌లో మీ డీలర్ దగ్గర ఫైనాన్స్ మీద పికప్ ట్రక్కు కొన్నాను. డ్రైవర్‌ని పెట్టుకోలేదు, నేనే నడుపుకుంటాను. లంబసింగి చుట్టుపక్కల రైతుల దగ్గర స్ట్రాబెర్రీలు, కూరగాయలు ఎత్తుకుని విశాఖపట్నం చేర్చడమే నా జీవనాధారం. నవంబరు దాకా బండిని వంక పెట్టడానికి లేదు. చలి ముదిరాక మొదలైంది కష్టం.

తెల్లవారుజామున తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ అందుకోదు. సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ, పచ్చి డీజిల్ వాసన. ఏడెనిమిదిసార్లు కొడితే ఒక్కోసారి దడదడా వణుకుతూ అందుకుంటుంది. లేకపోతే ఎండ వచ్చేదాకా ఆగాల్సిందే. పది గంటలు దాటాక అదే బండి ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది.

మూడుసార్లు కింద మైదానంలో ఉన్న మీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. మూడు జాబ్ కార్డుల మీదా ‘లోపం కనబడలేదు’ అనే రాశారు. ఎలా కనబడుతుందండీ? ఘాట్ రోడ్డు దిగి వచ్చేసరికి ఇంజన్ కాగి ఉంటుంది. కింద మధ్యాహ్నం మంచి ఎండ. చలిలో స్టార్ట్ కావడానికి సిలిండర్లను వేడి చేసే హీటర్ ప్లగ్గులు బండిలో ఉంటాయి. ఇంజన్ వేడిగా ఉంటే ఇక వాటి అవసరం లేదని బండిలోని కంప్యూటరే వాటిని వాడదు. మీటర్ మీద చుట్టలా కనిపించే హీటర్ లైటు వెలిగిన మరుక్షణం ఆరిపోతుంది. అంటే ఏ భాగం మీద నా అనుమానమో, ఆ భాగం పని చేయాల్సిన పరిస్థితే మీ షెడ్డులో రాలేదు. ఒక్క రాత్రి బండిని మా దగ్గరే ఉంచి పొద్దున్నే చూడమని ప్రతిసారీ అడిగాను. ‘ఆంధ్రాలో చలికి బండి స్టార్ట్ కాకపోవడమేమిటి’ అన్నారు మీ సూపర్‌వైజర్. లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరు. డిసెంబరు, జనవరిల్లో 5 డిగ్రీల కిందికి పడడం, ఒక్కో ఏడాది సున్నా దాకా పోవడం ప్రతి చలికాలం పేపర్లలో వస్తూనే ఉంటుంది.

జనవరి రెండో వారంలో జరిగింది చెప్తాను. రాత్రే కోసి డబ్బాల్లో సర్దిన స్ట్రాబెర్రీలు ఎక్కించుకుని నాలుగున్నరకి తాళం తిప్పాను. అద్దం మీద మంచు గోకితే గోళ్లు తిమ్మిరెక్కాయి. బండి లేవలేదు. పండ్లు ఇచ్చిన అమ్మ దుప్పటి కప్పుకుని నెగడు దగ్గర కూర్చుని, అయిదు నిమిషాలకోసారి ‘అయ్యిందా బాబూ’ అని అడుగుతోంది. ఆయిల్ చాంబర్ కింద నిప్పు పెడదామని పక్కవాళ్లన్నారు. నేను ఒప్పుకోలేదు, డీజిల్ పైపుల పక్కన మంట ఎంత ప్రమాదమో నాకు తెలుసు. బండి కదిలేసరికి తొమ్మిదిన్నర. మార్కెట్‌కి చేరేసరికి కొనేవాళ్లు వెళ్లిపోయారు. డబ్బాల అడుగున ఎర్రటి నీరు. ఆ అమ్మకి సగం ధరే ఇవ్వగలిగాను, మిగతాది ఇంకా బాకీ ఉన్నాను. ఇది రాస్తుంటే కూడా ఆమె ముఖమే గుర్తొస్తోంది.

మీవాళ్లు డీజిల్ మీదికి నెట్టారు కాబట్టి దాని సంగతీ చెప్పాలి. కొబ్బరినూనె పేరుకున్నట్టు చలికి డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టర్‌కి అడ్డం పడుతుందన్న మాట నిజమే. అందుకే మన దేశంలో డీజిల్ నాణ్యతకి ఉన్న ఐఎస్ 1460 ప్రమాణంలో దీనికో హద్దు పెట్టారు. ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత మామూలు నెలల్లో 18 డిగ్రీలు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 6 డిగ్రీలు మించకూడదు. మా దగ్గర అంతకంటే దిగుతుంది గనక నేనూ మొదట డీజిల్‌నే అనుమానించాను. ఫిల్టర్ మీద వేడినీళ్ల గుడ్డ కప్పాను, అడుగున చేరిన నీళ్లు వదిలాను, చేతి పంపు కొట్టి చూశాను. డీజిల్ తేటగా, ధారగా వచ్చింది. పైగా తెల్ల పొగ వస్తోందంటేనే డీజిల్ సిలిండర్ దాకా వెళ్తోంది, అక్కడ కాలడం లేదని అర్థం. డీజిలే అందకపోతే పొగ ఉండదు. అదే బంకులో పోయించుకునే మా పక్కింటి పాత బండి ఆ పొద్దున కూడా లేచింది. బ్యాటరీ కూడా చూశాను. తాళం తిప్పకముందు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10కి తగ్గలేదు.

ఇక మిగిలింది హీటర్ ప్లగ్గులు. డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ ఉండదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. ఇంజన్ మంచుగడ్డలా ఉంటే ఆ వేడిని ఇనుమే లాగేసుకుంటుంది, ఆ లోటు తీర్చడానికే హీటర్ ప్లగ్గులు. చింతపల్లిలో నాకు తెలిసిన మెకానిక్ పై వైరు మాత్రం తీసి ఒక్కో ప్లగ్గునీ మల్టీమీటర్‌తో చూశాడు. మంచి ప్లగ్గయితే ఒకటి రెండు ఓములు కూడా చూపించదు. రెండు అలాగే చూపించాయి. మిగతా రెండింటి మీద మీటర్ వైరు మొన పెడితే మీటర్‌లో అసలు కదలికే లేదు, లోపల తీగ తెగిపోయింది. నాలుగు సిలిండర్లలో రెండు చల్లగానే ఉంటే బండి ఎలా లేస్తుంది? ఆ రీడింగుల వీడియో జత చేశాను.

ఆ వీడియో చూపిస్తే మీ సర్వీస్ సెంటర్ ‘బయటి మెకానిక్ చెయ్యి పెట్టాడు, వారంటీ వర్తించదు’ అంది. అయ్యా, ఒక్క ప్లగ్గు కూడా విప్పలేదు. కొలత మాత్రమే తీశాం, అదీ మీరు మూడుసార్లు తీయని కొలత. ఈ మాట నన్ను బాగా బాధపెట్టింది.

నాలుగు హీటర్ ప్లగ్గులూ, వాటికి కరెంటు పంపే రిలేతో సహా వారంటీలో మార్చాలి. కాలని డీజిల్ ఇన్నాళ్లు ఇంజన్ ఆయిల్‌లోకి, సైలెన్సర్ ఫిల్టర్‌లోకి దిగి ఉంటుంది కాబట్టి ఆ రెండూ పరీక్షించి రాతపూర్వకంగా ఇవ్వాలి. మూడు ట్రిప్పుల డీజిల్ ఖర్చు, ఆ రోజు పండ్ల నష్టం బిల్లులు జత చేశాను, అవి కూడా ఇప్పించాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. స్వయం ఉపాధి కోసం కొని సొంతంగా నడుపుకునేవాడు కూడా వినియోగదారుడేననీ, తాను ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చనీ 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది.

ప్లగ్గులు మార్చాక బండిని కింద షెడ్డులో స్టార్ట్ చేసి నాకు అప్పగించవద్దు. మీ మెకానిక్‌ని ఒక రాత్రి మా ఊరు పంపండి, పడక, భోజనం మా ఇంట్లోనే. తెల్లవారుజామున నాలుగున్నరకి అతనే తాళం తిప్పాలి. బండి లేస్తే అప్పుడు సంతకం పెడతాను.

ఇట్లు,
బండి యజమాని, చింతపల్లి మండలం

జతపరచినవి: మూడు జాబ్ కార్డుల నకళ్లు, మల్టీమీటర్ వీడియో, డీజిల్ బిల్లులు, మార్కెట్ చీటీ.