ఆ ఫొటోలో ఉన్నది ట్యాంకు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మా నాన్నగారి రోజుల నుంచీ మా ఇంటికి మీ పేపరే వస్తోంది, ఆ చనువుతో రాస్తున్నాను. మొన్నామధ్య లోపలి పేజీలో సైన్యం విన్యాసాల ఫొటో ఒకటి బ్లాక్ అండ్ వైట్‌లో వేశారు. నీళ్ళలోంచి ఒడ్డెక్కుతున్న బండి, దాని కింద ‘నదిని ఈదుతున్న యుద్ధ ట్యాంకు’ అని ఒక్క ముక్క. ఏ బండో, ఎక్కడో, ఎప్పుడో ఏమీ లేదు. ఆ ఒక్క ముక్కను నమ్ముకుని నేను నాలుగు రాత్రులూ రెండు సీసాల రంగూ పోగొట్టుకున్నాను.

నాకు స్కేల్ మోడళ్ళు కట్టే పిచ్చి ఉంది. విమానాలూ మిలిటరీ బండ్లూ ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో వస్తాయి, వాటిని కత్తిరించి, గీకి, అతికించి, రంగులేసుకోవాలి. ఇంట్లో వాళ్ళు బొమ్మలంటారు, అననివ్వండి. ఈసారి బీఎంపీ-2 మొదలుపెట్టాను, అసలు దానిలో 35వ వంతు. నిజం బండి దాదాపు 6.7 మీటర్లు ఉంటుంది, నా టేబుల్ మీద 19 సెంటీమీటర్లు. మీ ఫొటోలో ఉన్నదీ అదే బండి. నెలల తరబడి దాని ప్రతి మూలా గీకినవాణ్ణి, నాకు తెలియదా! టరెట్ (గన్ను ఉండే, చుట్టూ తిరిగే పై గూడు) చిన్నది, గన్ను గొట్టం సన్నంగా పెన్సిల్‌లా ఉంది (30 మిల్లీమీటర్లే మరి), మూతి మీద పలక పైకి లేచి ఉంది. నడిపే ముగ్గురు కాకుండా ఇంకో ఏడుగురు సైనికుల్ని వెనక కూర్చోబెట్టుకుని పోయి దింపే బండి అది. చక్రాల మీద ఇనుప పట్టా ఉన్నంత మాత్రాన ట్యాంకు అయిపోదు.

ఇంకో బాధ ఏమిటంటే ఇది మన బండి. డిజైన్ సోవియట్ వాళ్ళదే అయినా, ‘శరత్’ పేరుతో 1987 నుంచి తయారైంది మన సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో. దాని మోడల్ కావాలంటే మాత్రం నేను చైనా పెట్టె కొనుక్కోవాల్సి వచ్చింది, అందులో మన సైన్యం నంబర్ల స్టిక్కరు ఒక్కటీ లేదు, అన్నీ నేనే సన్న కుంచెతో రాసుకున్నాను. అది మీ తప్పు కాదు లెండి.

ఈదడం దగ్గరకొద్దాం. టీ-90 లాంటి అసలు ట్యాంకు 46 టన్నుల పైమాటే, అది ఈదదు. పైకి గాలి గొట్టం పెట్టుకుని నది అడుగున నడుస్తుంది. బీఎంపీ-2 బరువు 14 టన్నులు. నీళ్ళు లోపలికి రాకుండా మూసిన ఒళ్ళు కాబట్టి పడవలా తేలుతుంది, నీళ్ళలో దానికి పంకా కూడా ఉండదు, కింద తిరిగే పట్టాలే తెడ్లలా నీటిని వెనక్కి తోస్తాయి. గంటకు 7 కిలోమీటర్లు, అంటే మనం కొంచెం హడావుడిగా నడిచినంత. మూతి మీది పలక ఎదురొచ్చే అల పైకెక్కకుండా ఆపడానికి. నిజంగానే తేలే ట్యాంకు కావాలంటే పీటీ-76 ఉంది, 1971 నవంబర్ 21న, ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న గరీబ్‌పూర్ పోరులో, మన సైన్యం ట్యాంకు దళం 45 కావల్రీ వాళ్ళు వాడింది. జవాన్లు దాన్ని పిప్పా అనేవారు, పంజాబీలో నెయ్యి డబ్బా అని. మీ ఫొటోలోది అదీ కాదు.

ఇక నా రంగుల కథ. మీ ఫొటోలో బండి మీద నల్లటి మచ్చలూ తెల్లటి మచ్చలూ ఉన్నాయి. రాజస్థాన్ ఎడారి ఫొటోల్లో ఇసుకరంగు మీద పచ్చ మచ్చలు చూసినవాణ్ణి కాబట్టి, ఇదీ అదే కామఫ్లాజ్ (శత్రువు కంటికి ఆనకుండా వేసే మచ్చల రంగు) అనుకుని ఆ కటింగ్‌ని గోడకు అంటించి పని మొదలుపెట్టాను. ముందు ఒళ్ళంతా టామియా అనే మోడల్ రంగుల కంపెనీ వాళ్ళ డెజర్ట్ ఎల్లో, అంటే ఇసుకరంగు, కొట్టాను. ఎయిర్‌బ్రష్‌లో, అంటే గాలితో రంగు చిమ్మే చిన్న గన్నులో, రంగు పాలంత పల్చగా ఉండాలి, చిక్కబడితే మూతి మూసుకుపోతుంది, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పల్చన చేస్తాను. తర్వాత మచ్చల అంచులకు బ్లూటాక్‌ని (గోడకు కాగితాలు అంటించే మెత్తటి జిగురు ముద్ద) చేగోడీల పిండిలా సన్నటి తాళ్ళు చేసి బండి చుట్టూ తిప్పి పెట్టాను, అలా పెడితే అంచు కత్తితో కోసినట్టు కాకుండా కొంచెం మెత్తగా వస్తుంది. పచ్చలో కాస్త పసుపు కలిపాను, ఎందుకంటే ఇంత చిన్న వస్తువు మీద అసలు రంగు అసలుగానే వేస్తే నల్లగా కనిపిస్తుంది. మచ్చ టరెట్ మీద మొదలై పక్క పలక మీదుగా చక్రాల దాకా జారాలి, అప్పుడే దూరం నుంచి చూసే కంటికి బండి ఆకారం విరుగుతుంది. ఏ పలక మచ్చ ఆ పలక మీదే ముగిస్తే చీర మీద బుటాలా ఉంటుంది తప్ప కామఫ్లాజ్ కాదు. ఇవన్నీ శ్రద్ధగా చేశాను. గోదావరి ఒడ్డున ఎండి పెచ్చులు లేచిన ఒండ్రుమట్టి తెచ్చి, గుడ్డలో జల్లించి, పట్టాలకు దట్టంగా పట్టించాను కూడా.

అప్పుడు మా బావగారొచ్చారు. సైన్యంలో బండ్లు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యారు. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, “ఏమోయ్, రాజస్థాన్ బండిని గోదాట్లో దింపావే!” అన్నారు. నేను గోడ మీది మీ ఫొటో చూపించాను. కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా చూసి నవ్వడం మొదలుపెట్టారు. “ఇవి మచ్చలు కావోయ్, తడి! నీళ్ళు తగిలినంత మేరా నల్లగా ఉంది, పైన ఎండు దుమ్ము తెల్లగా ఉంది. కిందకి చారలు కారడం కనబడట్లేదూ?”

చూశాను. కారుతున్నాయి. ఒళ్ళంతా ఒకటే పచ్చ బండి అది. పైగా ఇప్పుడే నీళ్ళలోంచి వచ్చిన బండి పట్టాలకు అంత బురద ఎక్కడిదని ఇంకో పోటు పొడిచారు, అవి నీళ్ళలో తిరుగుతూనే ఉంటాయి కదా, కడిగేసినట్టు వస్తాయట.

మళ్ళీ మొదటికొచ్చాను. ఇసుకరంగు మీద పచ్చ కొట్టాను, ఒండ్రు రాల్చేశాను, నీటి గీత కింద రంగు ముదురు చేసి మెరిసే వార్నిష్ పూసి, పైన మెరుపు లేని వార్నిష్ కొట్టాను. ఆ రోజు ముసురు. గాలిలో తేమకి వార్నిష్ తెల్లగా బూజు పట్టినట్టు అయింది. దానికి మీరు బాధ్యులు కారు, ఒప్పుకుంటున్నాను.

నేను అడిగేది చిన్న విషయం. సైన్యం ఫొటో వేసినప్పుడు కింద బండి పేరు, ఊరు, నెల రాయండి. భద్రత వల్ల ఊరు చెప్పకూడదంటే పోనీ రాష్ట్రం రాయండి, అదీ కుదరకపోతే ఎడారో కొండో మైదానమో చెప్పినా చాలు. ఏజెన్సీ ఫొటోలతో పాటు ఈ వివరాలు మామూలుగా వస్తాయి, జాగా కోసం కోసేస్తారనుకుంటాను. నాలుగు మాటలకు ఎంత జాగా కావాలి?

ఆ ఫొటో కలర్ కాపీ మీ ఆఫీసులో ఉంటే ఒక్కసారి వేయండి. టరెట్ వెనక భాగం రంగు నాకింకా తేలలేదు, అది తడో నీడో బావగారికీ తెలియలేదు.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
రాజమహేంద్రవరం