ఐ7 సీపీయూలు తీసుకున్నవాళ్లు ఒకసారి షాపుకి రండి, కూలర్ మారుస్తాను

పాలకొల్లులో మన షాపులో కంప్యూటర్ చేయించుకున్న అందరికీ నమస్కారం అండి. ముందు అసలు విషయం చెప్పేస్తాను, ఎందుకో తర్వాత చెబుతాను. నా దగ్గర ఇంటెల్ ఐ7-12700, 13700, 14700 ప్రాసెసర్లతో సీపీయూ తీసుకుని, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన ఫ్యాన్‌తోనే నడుపుతున్నవాళ్లు ఎవరైనా సరే, బిల్లు పట్టుకుని రండి. అది తీసేసి 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్, అంటే నిలువుగా ఎత్తుగా ఉండే పెద్ద కూలర్, పెట్టి ఇస్తాను. కూలర్‌కి గానీ బిగించినందుకు గానీ ఒక్క రూపాయి తీసుకోను. "కంపెనీ వాళ్లే డబ్బాలో పెట్టి ఇస్తున్నారు కదండీ, అది చాలు" అని మీకు చెప్పింది నేనే. ఐ7 విషయంలో ఆ మాట తప్పు.

మే నెలలో నరసాపురం నుంచి, మన దగ్గర ఐ7 తీసుకున్న స్టూడియో కస్టమర్ ఒకరు ఫోన్ చేశారు. పెళ్లిళ్ల సీజన్, చేతినిండా పని. "పొద్దున ముప్పావు గంటలో అయ్యే వీడియో మధ్యాహ్నం పెడితే గంట దాటిపోతోందండి, పెళ్లివాళ్లు వచ్చి కూర్చుంటున్నారు" అన్నారు. నేను ఫోన్లోనే విండోస్ అప్‌డేట్ అయ్యుంటుంది, హార్డ్ డిస్క్ నిండిపోయి ఉంటుంది అని ఏదో చెప్పేసి పెట్టేశాను. వారం తర్వాత మళ్లీ చేస్తే అప్పుడు వెళ్లాను. ఆ వారం రోజులూ ఆయన పడ్డ టెన్షన్‌కి బాధ్యత నాదే.

ఎడిటింగ్ గది మేడ మీద రేకుల షెడ్డు. మధ్యాహ్నం రెండు గంటలకి గదిలో 38 డిగ్రీలు. రెండరింగ్, అంటే ఎడిట్ చేసిన వీడియోని ఫైలుగా తయారు చేసే పని, మొదలుపెట్టి చూస్తుంటే నిమిషం కూడా తిరక్కుండా ప్రాసెసర్ 100 డిగ్రీలకి వెళ్లి అక్కడే ఆగిపోయింది, 5 గిగాహెర్ట్జ్ దరిదాపుల్లో ఉండాల్సిన స్పీడ్ 3.5కి పడిపోయింది, ఫ్యాన్ మాత్రం పిండిమరలాగ అరుస్తోంది. ఈ ఇంటెల్ ప్రాసెసర్లకి 100 డిగ్రీలు హద్దు. అక్కడికి వచ్చాక అది కాలిపోదు, తనంతట తనే స్పీడ్ తగ్గించుకుని తనని తాను కాపాడుకుంటుంది. అందుకే కంప్యూటర్ ఆగిపోలేదు, ఏ ఎర్రరూ రాలేదు, పని మాత్రం నెమ్మదించింది.

సైడు డోరు తీశాను. పక్కనే కొబ్బరి పీచు తీసే చోటు ఉంది. ఆ పొట్టు, గాలిలో తేమ కలిసి ఫ్యాన్ కిందున్న అల్యూమినియం రెక్కల మధ్య తడి దూదిలాగ అతుక్కుపోయింది. బ్రష్షుతో రాలేదు. ఫ్యాన్ విప్పి పుల్లతో ఒక అంచు లేపితే ఆ పొర మొత్తం ఒకే ముక్కగా గుండ్రంగా ఊడి నా చేతిలోకి వచ్చింది. శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడిని కూలర్‌కి అందించే పేస్ట్ కొత్తగా రాసి మళ్లీ పెట్టి చూశాను. ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ తట్టుకుని మళ్లీ 100కే వెళ్లింది. అంటే దుమ్ము ఒక్కటే కాదు, ఆ కూలర్‌కి ఆ ప్రాసెసర్‌ని మోసే శక్తి లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఐ5-12400 డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది, ఐ7-13700 డబ్బా మీద కూడా 65 వాట్లే. రెండింటిలోనూ ఇచ్చే ఫ్యాన్ ఒకటే, లామినార్ ఆర్‌ఎం1, 2022 నుంచి వస్తున్నది, బెత్తెడు ఎత్తు కూడా ఉండదు. కానీ ఆ 65 మామూలు పని లెక్క. పని ఎక్కువైనప్పుడు ఇంటెల్ లెక్క ప్రకారమే 12400 పైకి వెళ్లేది 117 వాట్ల దాకా, ఐ3-12100 అయితే 89, ఐ5-14400 అయితే 148, అదే 13700 గానీ 14700 గానీ అయితే 219. మూడు చక్రాల రిక్షా మీద లారీ మోసేంత బరువు పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఈ అంకెలు నేను కొటేషన్ రాసే ముందే చూసి ఉండాల్సింది.

ఇంటెల్‌కి పోటీగా రైజెన్ ప్రాసెసర్లు చేసే ఏఎండీ కంపెనీ వైపు ఈ విషయంలో కాస్త నిజాయితీగా ఉంటుందని నా అభిప్రాయం. రైజెన్ 5 5600 లో 65 వాట్లు అంటే పై హద్దు 76 వాట్లు, దానితో ఇచ్చే రైత్ స్టెల్త్ కూలర్ చిన్నదే అయినా ఆ మాత్రం మోస్తుంది. 5700ఎక్స్, 5800ఎక్స్ అయితే అసలు కూలరే ఇవ్వరు, విడిగా కొనుక్కోవాల్సిందే. రైజెన్ 7 7700 తో రాగి గొట్టాలున్న రైత్ ప్రిజమ్ ఇస్తారు, డబ్బాలో వచ్చేవాటిలో నాకు బాగా నచ్చింది అదే, స్టూడియో పనికి కూడా ధైర్యంగా ఇస్తాను. ఇంటెల్‌లో కూడా పేరు చివర 'కె' ఉన్నవాటికి 2015 నుంచీ ఫ్యాన్ రాదు.

కాబట్టి మీసేవ, ట్యాలీ, రొయ్యల చెరువుల మీద మేత లెక్కలు, పిల్లల చదువు, మామూలు గేమ్స్ వీటికి ఐ3, ఐ5-12400, రైజెన్ 5 5600 తీసుకున్నవాళ్లు కంగారు పడకండి, మీ డబ్బా ఫ్యాన్ చాలు. 5600కి లిక్విడ్ కూలర్ వెయ్యమని కుర్రాళ్లు అడుగుతున్నారు, నేను వద్దనే చెబుతాను. ఆ డబ్బు పెట్టి ర్యామ్ పెంచుకోండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఏ కూలరైనా గదిలో ఉన్న గాలితోనే చల్లబరచాలి. 24 డిగ్రీల ఏసీ గదిలో 75 చూపించేది మన 36 డిగ్రీల గదిలో 87 దాకా చూపిస్తుంది. యూట్యూబ్‌లో చూసిన అంకె మీ ఇంట్లో రాలేదని భయపడొద్దు.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. అంతర్వేది దగ్గర నుంచి వచ్చిన కస్టమర్ ఒకరు సీపీయూ బండి మీద నిలబెట్టి కట్టుకుని, నరసాపురం రేవులో పంటు ఎక్కి గోదారి దాటి తీసుకెళ్లారు. ఇంటికెళ్లి ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో ఆఫ్. ఇంటెల్ ఫ్యాన్ నాలుగు ప్లాస్టిక్ పిన్నులతో మదర్‌బోర్డులోకి నొక్కి బిగిస్తాం, ఒక్కోటి టక్కుమని పడాలి. అందులో ఒకటి నేను సగమే నొక్కాను. దారి కుదుపులకి అది ఊడి ఒక మూల పైకి లేచింది. ఇప్పుడు ప్రతి సీపీయూకీ బోర్డు వెనక్కి తిప్పి నాలుగు పిన్నులూ బయటికి వచ్చాయో లేదో చూసి, ఫొటో తీసి మీకు వాట్సాప్ చేస్తున్నాను. స్టెల్త్‌కి స్క్రూలు ఉంటాయి కాబట్టి ఆ బాధ లేదు. కానీ 5600 ఉన్నవాళ్లు ఇంట్లో కూలర్ ఊడదీయకండి. పేస్ట్ ఎండిపోయి ఉంటే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి లేచి వచ్చేస్తుంది, కింద పిన్నులు వంగుతాయి. కాసేపు వాడి వేడెక్కించి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. అది నేను చేసి పెడతాను.

ట్రే ప్రాసెసర్లు, అంటే డబ్బా లేకుండా విడిగా వచ్చేవి, ఇకపై పెట్టను. ధర తగ్గుతుంది నిజమే, కానీ డబ్బా పీసుకి ఉండే మూడేళ్ల కంపెనీ వారంటీ దానికి ఉండదు.

కొటేషన్‌లో ఇప్పటినుంచి కూలర్ పేరు, ధర విడిగా ఒక లైను రాస్తాను. కొన్న ఆరు నెలలకి ఒకసారి దుమ్ము తీసి పేస్ట్ మార్చడం ఉచితం. పీచు, ఊక, తవుడు ఎగిరే చోట ఉన్నవాళ్లు మాత్రం మూడు నెలలకే తెచ్చేయండి.

కూలర్ మార్పు రోజుకి నలుగురికే చేయగలను, అందుకని ముందు ఒక మెసేజ్ పెట్టండి. స్టూడియోల వాళ్లకి పెళ్లిళ్లు లేని రోజు చూసి నేనే వస్తాను. చించినాడ వంతెన మీదుగా వచ్చినా, పంటు మీద వచ్చినా, సీపీయూని నిలబెట్టి కట్టొద్దు. అద్దం ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి, కింద దుప్పటి మడతపెట్టి తీసుకురండి. టవర్ కూలర్ బరువు ఎక్కువ, తిరిగి వెళ్లేటప్పుడు కూడా అలాగే తీసుకెళ్లాలి.