రేకుల ఇంటికీ ఎండలో వాటా ఇప్పించండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

అరసవల్లి సూర్యనారాయణస్వామి ఊళ్లో ఎండకు కొదవ లేదు, డాబాకే కొదవ. ఇంటి డాబాపై సోలార్ ప్యానెళ్లు పెట్టుకునేవాళ్లకు కేంద్రం సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, కానీ అది ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (వాడిన కరెంటునూ, లైనుకు పంపిన కరెంటునూ లెక్కించేది) పెట్టాకే ఖాతాలో పడుతుంది. అంతదాకా అప్పు పుట్టాలి. మీటరు ఇంకా చనిపోయిన తాతగారి పేరునే ఉంటే దరఖాస్తు మొదట్లోనే ఆగుతుంది. వార్డు సచివాలయాల్లో పేరు మార్పు శిబిరాలు పెట్టించండి.

అద్దె ఇళ్లవాళ్ల సంగతి వేరు, రేకుల ఇళ్లవాళ్ల సంగతి మరీ వేరు. 540 వాట్ల ప్యానెల్ ఒక్కటే పాతిక కిలోల పైమాట. సిమెంటు రేకు ఆ బరువుకి, బిగించే మనిషి అడుగుకి ఆగదు. వీళ్ల కోసం మునిసిపల్ స్కూలు డాబాపై 20 కిలోవాట్ల ప్లాంటు పెట్టి, అక్కడ పుట్టిన యూనిట్లను వర్చువల్ నెట్ మీటరింగ్‌తో, అంటే ఒకచోటి కరెంటును వేరేచోటి ఇళ్ల బిల్లుల్లో తగ్గించే పద్ధతితో, 20 ఇళ్లకు పంచిపెట్టించండి. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే ఇంటికి నెలకు 120. నీడ పడని 2,000 చదరపు అడుగులు చాలు.

2018లో తిత్లీ తుపానును చూసిన జిల్లా ఇది. గాలి ప్యానెల్ కిందికి దూరి పైకి లేపుతుంది. ఇటుకలు ఆనించిన స్టాండు నిలవదు, కాళ్లను కాంక్రీటు దిమ్మల్లో పాతాలి. రంగు పూసిన ఇనుము ఉప్పుగాలికి తుప్పుపడుతుంది, గాల్వనైజ్డ్‌దే వాడాలి.

ఇంకొకటి చాలామందికి చెప్పరు: కరెంటు పోతే ప్యానెళ్ల కరెంటును ఇంటికీ, లైనుకూ పంపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరూ ఆగుతుంది, లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా. అందుకే స్కూలు ప్లాంటుకు, లైను కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, చిన్న బ్యాటరీ అడుగుతున్నాం. తుపాను రాత్రి జనం తలదాచుకునేది అక్కడే.