చెవికి కుదరని రబ్బరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో ఇయర్‌ఫోన్లు ఎలా ఎంచుకోవాలో రాశారు. ధర, బ్యాటరీ, మైకు, చెమటకు ఆగుతుందా లేదా, అన్నీ ఉన్నాయి. చెవిలోకి వెళ్లే ఆ చిన్న రబ్బరు గురించి మాత్రం ఒక్క వాక్యం లేదు. దాని మూలంగా నేను ఎనిమిది నెలలు పడ్డ తిప్పలు, ఒకసారి డాక్టరు దగ్గరికి పరుగెత్తిన సంగతి చెబితే ఎవరికైనా పనికొస్తుందని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కోత పెట్టాల్సి వస్తే డాక్టరు సంగతి మాత్రం ఉంచండి.

మాది హనుమకొండ. ఆడియో విని తెలుగులో టైపు చేయడం నా పని. పరిశోధన చేసే పిల్లలు ఊళ్లు తిరిగి పెద్దవాళ్లతో మాట్లాడించి, ఫోన్లో రికార్డు చేసుకొస్తారు. నేను దాన్ని అక్షరం పోకుండా కాగితం మీదికి తేవాలి. నిమిషానికి ఇంత అని లెక్క. ఒక గంట ఆడియోకి నాకు ఐదారు గంటలు పడుతుంది. వెనకాల కోళ్లుంటాయి, ఫ్యాను ఉంటుంది, పక్కింటి టీవీ ఉంటుంది. మాట తెలియని చోట 'అస్పష్టం' అని పెడతాను. అవి ఎక్కువైతే నాకొచ్చే డబ్బు తగ్గుతుంది.

పెద్ద హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎండాకాలం చెవులు ఉడికిపోతున్నాయని ఏడు వందలు పెట్టి వైరున్న ఇయర్‌ఫోన్ కొన్నాను. వైరుదే ఎందుకంటే, నేను నిమిషానికి పదిసార్లు ఆపి వెనక్కి తిప్పుతాను. అంతకుముందు వాడిన వైర్‌లెస్‌ది ప్రతిసారీ కాస్త ఆలస్యంగా అందుకుని మొదటి అక్షరం మింగేసేది. 'చెప్పలేదు'లో 'చె' పోతే సర్దుకోవచ్చు. 'కాదు'లో 'కా' పోతే ఏం రాయను?

కొత్తది పెట్టుకున్న రోజే నిరాశ. మగవాళ్ల గొంతు కూడా రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది. 'స' వచ్చినప్పుడల్లా సూదిలా గుచ్చుతోంది. మా ఇల్లు మెయిన్ రోడ్డుకు దగ్గర, బస్సుల చప్పుడు ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా తగ్గదు. దాంతో లాప్‌టాప్‌లో సౌండు 85 దాకా పెంచేదాన్ని. సాయంత్రానికి చెవుల్లో గుయ్యిమని మోత. వస్తువే చెడ్డదనుకుని, చేతిలో డబ్బుల్లేక అలాగే నెలలు నెట్టాను.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడికి పాటల పిచ్చి. వాడితో ఫోన్లో ఈ మాట అంటే, "అక్కా, రెండు ఇయర్‌ఫోన్లనూ వేళ్లతో లోపలికి మెల్లగా నొక్కిపట్టి విను" అన్నాడు. నొక్కాను. గొంతు ఒక్కసారిగా నిండుగా వచ్చింది. వదిలేస్తే మళ్లీ రేకు డబ్బా. "అయితే ఇయర్‌ఫోన్ బాగానే ఉంది, రబ్బరే నీ చెవికి కుదరలేదు" అన్నాడు. ఎనిమిది నెలల టెన్షన్ అర నిమిషంలో తేలిపోయింది.

వాడు చెప్పింది నాకు అర్థమైనంత మేరకు ఇది. లావు శబ్దం (డప్పు మోత లాంటిది, బేస్ అంటారు) అంటే చెవి గొట్టంలోని గాలిని నిదానంగా ముందుకూ వెనక్కూ తోయడం. రబ్బరుకూ చెవికీ మధ్య సందుంటే ఆ తోపు సందులోంచి జారిపోతుంది. వాషర్ అరిగిన సైకిల్ పంపు ఎంత కొట్టినా ట్యూబు ఉబ్బదు కదా, అలాగే. సన్నని శబ్దాలు మాత్రం సందున్నా పెద్దగా తగ్గవు. లావు పోయి సన్నం మిగిలితే గొంతు పీలగా అనిపిస్తుంది, మనం సౌండు పెంచుతాం, అప్పుడు ఆ సన్నం ఇంకా గుచ్చుతుంది. ఆ సందులోంచే బయటి బస్సు లోపలికి వస్తుంది.

డబ్బాలో మూడు సైజుల రబ్బర్లు వచ్చాయి. ఇయర్‌ఫోన్‌కు తగిలించి వచ్చిన మధ్య సైజునే వాడాను, తక్కిన రెండు జతలూ కుట్టుమిషను సొరుగులో గుండీల మధ్య పడి ఉన్నాయి. మీ ఇంట్లోనూ అలాగే ఉండి ఉంటాయి. తీసి చూస్తే తేలిందేమిటంటే, నా కుడి చెవికి మధ్యది సరిపోతుంది, ఎడమ చెవికి పెద్దది కావాలి. రెండు చెవులూ ఒకేలా ఉండాలని ఏమీ లేదట. రెండు వైపులా వేర్వేరు సైజులు పెట్టుకోవచ్చన్న ఆలోచనే అంతవరకు నాకు రాలేదు.

పెట్టుకోవడంలోనూ పద్ధతి ఉంది. పెద్దవాళ్ల చెవి గొట్టం సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, తిన్నగా కాకుండా మెలిక తిరిగి ఉంటుంది. ఎడమ చెవికి పెట్టేటప్పుడు కుడి చేతిని తల మీదుగా తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగితే ఆ మెలిక సర్దుకుంటుంది. అప్పుడు రబ్బరును కొంచెం తిప్పుతూ దోపి చెవిని వదిలేయాలి. సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే 'అమ్మ' అని పలికి చూడండి. మన గొంతు మనకే బావిలోంచి వచ్చినట్టు మోగితే కుదిరినట్టే. సంక్రాంతికి ఇవి పెట్టుకుని ఒక సకినం కొరికాను. ఇల్లు కూలినంత చప్పుడు.

పెద్ద రబ్బరు పెట్టినా ఎడమవైపు కథ ముగియలేదు. దవడ కదిలితే చాలు, గాలి దూరిపోయేది. టైపు చేస్తూ పెదవులు కదిపే అలవాటు నాది. అప్పుడు మొదలుపెట్టాను కత్తెర పని.

మొదట చేసినదే అన్నిటికంటే పనికొచ్చింది. ఫ్యాక్టరీల్లో చెవుల్లో పెట్టుకునే నురగ బిరడాలుంటాయి, నలిపితే సన్నబడి మెల్లగా ఉబ్బుతాయి. హెల్మెట్లు, చేతి తొడుగులు అమ్మే సేఫ్టీ సామాన్ల దుకాణంలో దొరికాయి. దాన్ని అడ్డంగా మూడు మిల్లీమీటర్ల మందాన కోసి, మధ్యలో తోలు పనివాళ్లు బెల్టుకు బెజ్జం వేసే పంచ్‌తో రంధ్రం వేశాను. చిన్న గారెలా వచ్చింది. రబ్బరు గొడుగును, అంటే చెవి గోడకు తగిలే బయటి అంచును, వెనక్కి మడిచి, లోపలి కాడకు ఈ గారె తొడిగి, గొడుగు మళ్లీ కిందికి దించాను. గొడుగు లోపల నురగ ఉంటే చెవి కదిలినప్పుడు అది ముడుచుకుపోదు, గోడకు అంటుకునే ఉంటుంది. మొదటిసారి ఆశకు పోయి ఐదు మిల్లీమీటర్లు పెట్టాను. గంటకే చెవి సలిపింది. పల్చగా ఉంటేనే మేలు.

అంత బాగుంటే మొత్తం నురగతోనే చేసేద్దామనుకున్నాను. పాత రేడియో ఏరియల్‌లోని ఒక గొట్టం ముక్కను అంచు సానబెట్టి, బిరడాలో తిప్పుతూ నిలువునా రంధ్రం చేశాను. పెట్టుకుంటే బయటి చప్పుడు అద్భుతంగా తగ్గింది, లోపలి మాట కూడా తగ్గింది! చెవిలో నురగ అన్ని వైపుల నుంచీ నొక్కుకుని ఆ రంధ్రం కాస్తా మూసేసింది. పనికిరాని పాత రబ్బరు నుంచి లోపలి కాడ కోసి రంధ్రంలో దూరిస్తే దారి తెరుచుకుంది. ఈ నురగ చెమటకు పాడవుతుంది, సబ్బు నీళ్లతో రబ్బరు శుభ్రపడినట్టు శుభ్రపడదు. రెండు మూడు వారాలకొకసారి పారేసి కొత్తది చేసుకుంటాను. ఒకటి నెల దాటి వాడితే చెవి లోపల దురద పెట్టింది.

తర్వాత 'స' గుచ్చడం. సందు మూసుకున్నాక చాలా తగ్గింది గానీ కొన్ని రికార్డింగుల్లో మిగిలింది. దెబ్బలకు కట్టు కట్టే కాగితం టేపు ఉంటుంది కదా, దాన్ని చిన్న చుక్కలా కోసి ఇయర్‌ఫోన్ మూతి మీది జాలీకి అంటించాను. మొత్తం మూసేస్తే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టైంది, 'స'కూ 'శ'కూ తేడా పోయింది. నా పనికి అది ప్రాణం. టేపు మధ్యలో గుండుసూదితో రంధ్రం చేస్తే సరిగ్గా కుదిరింది. ఒక్క జాగ్రత్త. ఇయర్‌ఫోన్ ఒంటి మీద కూడా చీమ కన్నంత రంధ్రం ఉంటుంది, అది గాలి ఆడటానికి కావాలని పెట్టినది. దాన్ని టేపుతో మూయకండి.

ఇప్పుడు డాక్టరు సంగతి. ఎడమ రబ్బరు ఇంకొంచెం లోపలికి వెళితే బాగుండునని దాని కాడ లోపలి అంచును బ్లేడుతో కోశాను. ఆ అంచే ఇయర్‌ఫోన్ మూతికి ఉన్న గాడిని పట్టుకుని ఉండేదని అప్పుడు తట్టలేదు. సాయంత్రం ఇయర్‌ఫోన్ లాగితే ఉత్త మూతి బయటికి వచ్చింది, రబ్బరు చెవిలోనే ఉండిపోయింది. తల పిన్నుతో తీయబోయాను. ఇంకా లోపలికి పోయింది. ఆ క్షణం ఒళ్లంతా చెమట పట్టింది. చెవి, ముక్కు, గొంతు డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, సన్నని పట్టకారుతో నిమిషంలో లాగేశారు. "తల్లీ, చెవిలో ఏది ఇరుక్కున్నా పిన్నులు, పుల్లలు పెట్టకుండా తిన్నగా వచ్చేయండి" అన్నారు. ఫీజు కట్టి ఇంటికొచ్చి ఆ రబ్బరును పారేశాను. ఆ అంచు జోలికి ఎవరూ వెళ్లొద్దు. మూతి సన్నగా ఉండి రబ్బరు వదులైతే, సైకిల్ వాల్వ్ ట్యూబు రెండు మిల్లీమీటర్లు కోసి మూతికి తొడిగి, దాని మీద రబ్బరు ఎక్కిస్తే గట్టిగా పట్టుకుంటుంది. ప్రతిసారీ పెట్టుకునే ముందు రబ్బరును ఒకసారి లాగి చూస్తాను. ఫెవిక్విక్ లాంటి జిగుర్లు వాడాలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. చెవిలోకి పోయేదానికి అవేం వద్దు.

ఇదంతా ఎవరో పిచ్చివాళ్లు చేసే పని అనుకోకండి. మా అత్తమ్మ చెవి మిషను మొదట్లో కుయ్యిమని కూసేది. చెవిలో మెత్తని సిలికాన్ ముద్ద నింపి అచ్చు తీసి, ఆ అచ్చు ప్రకారం మౌల్డు చేయించాక కూత ఆగింది. మిషను లోపల పెంచిన శబ్దం సందులోంచి బయటికొచ్చి మళ్లీ దాని మైకులోనే పడటం వల్ల ఆ కూత వస్తుందని అక్కడి ఆడియాలజిస్టు చెప్పారు. నా సందూ అదే, అత్తమ్మ సందూ అదే. అమెరికాలో 1991లో ఎటిమోటిక్ కంపెనీ తెచ్చిన ఈఆర్-4 ఇయర్‌ఫోన్‌కు ఒకదాని వెనక ఒకటి మూడు గొడుగులున్న రబ్బరు పెట్టారని, ఆ కంపెనీ పెట్టిన మీడ్ కిలియన్ వినికిడి యంత్రాల రంగం నుంచి వచ్చినవాడేనని తమ్ముడు చెప్పాడు. అత్తమ్మకు ఈ మాట చెబితే, "మరి నాకు ముందే తెలుసు, నువ్వే వినలేదు" అంది.

ఇప్పుడు నా సౌండు 50 దగ్గర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ (శబ్దం తీవ్రతకు కొలత) అయితే వారానికి 40 గంటలు అని హద్దు చెప్పింది. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగానికి పడిపోతాయి. లాప్‌టాప్ మీద కనిపించే 85, 50 డెసిబెల్స్ కావు, కాబట్టి నేను ఏ హద్దులో ఉన్నానో ఆ అంకెను బట్టి చెప్పలేను. సాయంత్రం చెవుల్లో మోత మాత్రం లేదు. ఇంట్లో కూర్చుని చేసే పని గనక ఇది నడుస్తుంది. ఇంత గట్టిగా చెవులు మూసుకుని రోడ్డు మీద నడిస్తే వెనక లారీ హారను వినపడదు, స్కూటీ మీదైతే అసలే వద్దు.

ఇక నా ఫిర్యాదు. రబ్బర్లు పోతే విడిగా ఇస్తారా అని మా ఊళ్లో ఒక దుకాణంలో అడిగితే, "కొత్త సెట్టే కొనుక్కోండమ్మా, ఎంతవుతుంది" అన్నాడు. ఇంకో చోట ముప్పై రూపాయలకు కలగాపులగం ప్యాకెట్టు ఇచ్చారు, దాని మీద సైజు రాసి లేదు. చిన్న, మధ్య, పెద్ద అంటే ఎవరికి పెద్ద? ఒక కంపెనీ మధ్యది ఇంకో కంపెనీ పెద్దదానంత ఉంది. నేను స్కేలు పెట్టి కొలిచాను. జాకెట్టు ముక్కకు కొలతలుంటాయి, చెప్పుకు నంబరుంటుంది, దీనికి మిల్లీమీటర్లు అచ్చు వేయడానికి ఏమవుతుంది? గొడుగు వెడల్పు ఎంత, మూతి లావు ఎంత, ఈ రెండు అంకెలు చాలు. కొన్ని వైర్‌లెస్ బడ్స్‌కు మూతి కోలగా ఉండి వాళ్ల రబ్బరే పట్టేలా చేస్తున్నారు. అలాంటివి కొనేముందు రబ్బర్లు విడిగా దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి అనేది మీ పేజీలో ధర పక్కనే వేయండి.

ఒక పాత ఫైలు సంగతి చెప్పి ముగిస్తాను. నేత పని చేసే ఒక ముసలాయనతో నలభై నిమిషాల మాటలు. అప్పట్లో ఏడు చోట్ల 'అస్పష్టం' పెట్టి పంపేశాను. రబ్బరు కుదిరాక మళ్లీ తెరిచి విన్నాను. వెనకాల ఆగకుండా దబ్, దబ్ అని మగ్గం నడుస్తోంది, అసలు మగ్గం ఉందన్న సంగతే అప్పుడు నాకు తెలియలేదు. ఏడింటిలో నాలుగు మాటలు దొరికాయి. సవరించిన కాపీ పంపించాను, డబ్బు అడగలేదు. మిగతా మూడు చోట్ల ఆయన నిజంగానే నోట్లో నోట్లో గొణుక్కున్నాడు.

ఇట్లు
ఒక టైపిస్టు, హనుమకొండ